వేలంలో ఫోటో చూసి వెండి రూపాయి కొనడం: 1911 పంది రూపాయి, చార్మినార్ రూపాయి

ఖమ్మం_నాణేలు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం ముగిసే ఒక ఆన్‌లైన్ వేలంలో రెండు లాట్ల మీద మనసుంది. అంత దూరం వెళ్లి చేత్తో పట్టుకుని చూసే వీల్లేదు. ఫోటోలే ఆధారం.

ఒకటి 1911 జార్జి రూపాయి, రాజు అంగీ మీది ఏనుగు పందిలా కనిపిస్తుందని మనం పంది రూపాయి అనేదే. విడి నాణెం, స్లాబ్‌లో (గ్రేడింగ్ కంపెనీ సీలు వేసి ఇచ్చే ప్లాస్టిక్ డబ్బాలో) లేదు. "యూఎన్‌సీ (అసలు వాడకంలోకి రానిది), పూర్తి మెరుపు" అని రాశారు. బొమ్మ వైపు ఒక ఫోటో, బొరుసు వైపు ఒక ఫోటో పెట్టారు, ఒక్కోటి 600 పిక్సెళ్ల వెడల్పు. నాణెం తెల్లగా ఉంది. రాజు గడ్డం కాస్త చదునుగా అనిపిస్తోంది. 12 గంటల దగ్గర అంచు మీద సన్నటి నీడ ఉంది. అది దెబ్బా, వెలుతురు వల్ల పడిందా తేలట్లేదు.

రెండోది హైదరాబాద్ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ చార్మినార్ రూపాయి, హిజ్రీ 1330. "సగం అయిన్, అందమైన సహజ రంగు" అని వివరణ. అయిన్ అంటే చార్మినార్ బొమ్మ దర్వాజలో ఉండే అరబ్బీ అక్షరం. నీలం, ఊదా కలిసి మెరుస్తోంది.

వీటిని ఫోటోలో ఎలా చదవాలి? వేలం వాళ్లను ఇంకా ఏం అడగాలి?

---

టంకశాల_వీధి:

మంచి సమయానికి అడిగారు, ఆదివారం లోపల చేయాల్సిన పని చాలానే ఉంది.

ఫోటో తెరవగానే గ్రేడు గురించి ఆలోచించకండి. ముందు వెలుతురు ఎటు నుంచి పడిందో పట్టుకోండి. ఏదో ఒక అక్షరం తీసుకుని దాని నీడ ఎటు పడిందో చూడండి. నీడ కుడి వైపు కిందకి ఉంటే దీపం ఎడమ పైన ఉన్నట్టు. ఇది తేలకుండా గీతలు, గుంటలు చూస్తే కన్ను మోసపోతుంది. వెలుతురు కింద నుంచి పడితే బొడిపె గుంటలా, గుంట బొడిపెలా కనిపిస్తుంది. రాజు ముక్కు, చెవి ఉబ్బెత్తుగా ఉంటాయని తెలుసు కాబట్టి వాటి నీడను కొలబద్దగా పెట్టుకుని అనుమానమున్న చోటును దానితో పోల్చండి. నీడ అదే వైపు ఉంటే బొడిపె, ఎదురు వైపు ఉంటే గుంట.

రెండోది పిక్సెళ్ల లెక్క. రూపాయి వ్యాసం సుమారు 30.5 మిల్లీమీటర్లు. 600 పిక్సెళ్ల ఫోటోలో ఒక మిల్లీమీటరుకు 20 పిక్సెళ్లు కూడా రావు, అంటే ఒక పిక్సెల్ 0.05 మిల్లీమీటరు. గుడ్డతో తుడిస్తే పడే సన్నగీతలు అంతకంటే సన్నం. అవి ఆ ఫోటోలో పడవు, దాచాల్సిన అవసరమే లేదు. కనీసం 1500 పిక్సెళ్లు అడగండి. అంతకంటే తక్కువ ఫోటో చూసి "గీతలేం లేవు" అనుకోవద్దు. కనిపించలేదు, అంతే.

ఇక మెరుపు. అచ్చు పడేటప్పుడు లోహం మధ్య నుంచి అంచు వైపు పారుతుంది. అలా పారిన సూక్ష్మమైన చారల మీద వెలుతురు పడితే నడుము దగ్గర కట్టిన విసనకర్రలా రెండు వెలుగు పట్టీలు నాణెం మధ్యలో కలుస్తాయి. నాణేన్ని అటూ ఇటూ తిప్పితే ఆ పట్టీలు బండి చక్రం ఆకుల్లా తిరుగుతాయి. ఫోటోలో ఒక్క స్థితే కనిపిస్తుంది కానీ పట్టీ ఆకారం తెలుస్తుంది. అక్షరాల మధ్య ఇరుకుల్లోకి, అంచు దాకా ఆ పట్టీ తెగకుండా వెళ్లాలి. నాణెం అంతా ఒకే తెలుపుగా, పాలు పోసినట్టుంటే రెండే కారణాలు. నాలుగు వైపులా దీపాలు పెట్టో స్కానర్‌లో పెట్టో ఫోటో తీసి ఉండాలి, లేదా నాణేన్నే తోమి ఉండాలి. మొదటిదైతే నష్టం లేదు, రెండోదైతే విలువ సగానికి పడినా ఆశ్చర్యం లేదు.

మన ఇళ్లలో వెండి సామాను తోమినట్టే రూపాయల్నీ చింతపండుతో, విభూతితో, పళ్ల పేస్టుతో తోమేశారు. ఆనవాళ్లు వేరువేరుగా ఉంటాయి. చింతపండు పులుపు నల్లదనాన్ని కరిగిస్తుంది, దానితో పాటు పైపొరనూ కొంత తినేస్తుంది. అందుకే తెల్లగా ఉన్నా పట్టీ వెలగదు, సుద్దలా ఉంటుంది. విభూతి, పేస్టు అయితే గీస్తాయి. ఖాళీ జాగాలో ఒకే దిక్కుకి పోయే సన్నగీతలు కనిపిస్తాయి. అక్షరాల మొదళ్లలో గుడ్డ చేరదు కాబట్టి అక్కడ పాత నలుపు మిగులుతుంది. ఖాళీ జాగా ధగధగమంటూ అక్షరాల చుట్టూ మాత్రం నల్లటి గీత ఉందంటే తోమిన నాణెమే అనుకోండి.

ఒక్క జాగ్రత్త. ఖాళీ జాగాలో కనిపించే గీతలన్నీ తోమినవి కావు. టంకశాలలో అచ్చును మెరుగు పెట్టినప్పుడు అచ్చు మీద పడే గీతలు నాణెం మీద ఉబ్బెత్తుగా వస్తాయి. అవి అక్షరం దగ్గరకు రాగానే ఆగిపోతాయి, అక్షరం మీదకి ఎక్కవు. ఎందుకంటే అచ్చులో అక్షరం లోతుగా ఉంటుంది, మెరుగు రాయి అందులోకి దిగదు. తోమిన గీత అయితే ఖాళీ జాగా దాటి రాజు చెంప మీదకీ ఎక్కుతుంది. చాలామంది ఈ తేడా తెలియక మంచి నాణెం వదులుకుంటున్నారు, అది చూస్తే బాధగా ఉంటుంది.

మీ జార్జి గడ్డం విషయానికొస్తే, అరుగుదలా, అచ్చు సరిగ్గా పడకపోవడమా అన్నది తేల్చాలి. అరిగితే ఒక్క గడ్డమే అరగదు. కిరీటం వంపులు, చెవి పైన జుట్టు, అంగీ మీది ఏనుగు, బొరుసు వైపు పూలతీగ ఆకుల ఈనెలు అన్నీ కలిసి చదునవుతాయి. మిగతావి పదునుగా ఉండి గడ్డం ఒక్కటే మెత్తగా ఉంటే, బొరుసు వైపు సరిగ్గా దాని వెనక చోటు చూడండి. అక్కడా బలహీనంగా ఉంటే అచ్చు పడని లోపమే. తోమని నాణెంలో ఇంకో గుర్తుంది, అరిగిన చోటు బూడిద రంగుకి తిరిగి చుట్టూ ఉన్న మెరుపు నుంచి వేరుగా తెలుస్తుంది. నాణేన్ని తెల్లగా తోమేస్తే ఆ తేడా చెరిగిపోతుంది. అలా కొంచెం అరిగిన రూపాయి "యూఎన్‌సీ" అయిపోతుంది.

12 గంటల దగ్గరి నీడే నాకు ఎక్కువ గుబులు. మన దగ్గర రూపాయలకు కొక్కెం అతికి దండల్లో కట్టుకున్నారు. లంబాడీ ఆడవాళ్ల హారాల్లో ఈ నాణేలు ఇప్పటికీ కనిపిస్తాయి. తర్వాత ఆ కొక్కెం పీకేసి, టంకం మచ్చను ఆకురాయితో అరగదీసి అమ్ముతారు. ముఖాల మీద పెద్దగా తెలియదు. దొరికేది పక్క అంచు మీదే. అక్కడ నిలువు గీతలు కొన్ని పూడిపోయి, లేదా కొత్తగా గీసినట్టు ఎడం మారి ఉంటాయి. పక్క అంచు ఫోటోలు నాలుగు అడగండి, 12, 3, 6, 9 గంటల దగ్గర ఒక్కోటి. "అంచు బాగానే ఉంది" అని మాటతో సరిపెడితే ఒప్పుకోకండి.

---

పాతబస్తీ_సిక్కా:

జార్జి రూపాయి సంగతి పైన బాగా చెప్పిండ్రు. నేను చార్మినార్ రూపాయి గురించి రాస్త.

తూకం ముందు. హాలీ సిక్కా, అంటే నిజాం సొంత రూపాయిని బ్రిటిష్ రూపాయితోటి కలపొద్దు. బ్రిటిష్‌ది 11.66 గ్రాములు, 0.917 వెండి. నిజాంది 11.18 గ్రాములు, 0.818 వెండి. ఎవరన్న చార్మినార్ రూపాయి 11.6 అని రాస్తే ఆ నాణెం తప్పన్న అయితది, తూచినోడన్న తప్పు తూచిండు.

చార్మినార్ కింది దర్వాజల అక్షరం చూడాలె. అంతకు ముందటి నిజాం మహబూబ్ అలీ ఖాన్‌దైతే మీమ్ అనే అక్షరం, ఉస్మాన్ అలీ ఖాన్‌దైతే అయిన్. ఉస్మాన్ తొలి నాణేల మీద అయిన్ చిన్నగ ఉన్నదొక రకం (సగం అయిన్ అనేది ఇదే), పూర్తిగ ఉన్నదొక రకం. కాటలాగులు రెండిటిని వేరువేరుగ లెక్కిస్తయ్. చిక్కేందంటే దర్వాజ నాణెం నడుమ ఉంటది, మెత్తటి అచ్చు పడ్డా అరిగినా పూర్తి అయిన్ తోక మాయమై సగమే ఉన్నట్టు కొడ్తది. కాబట్టి దర్వాజ ఒక్కటే ఫోటో నిండ పట్టేటట్టు తీసి పంపమని అడగండి. నిజంగ చిన్న అయిన్ అయితే దాని కొస కూడ పదునుగ ముగుస్తది. కొస మసకగ కరిగినట్టు ఉండి, చార్మినార్ కమాన్ల గీతలు కూడ మసకగ ఉంటే పూర్తి అయిన్ అరిగిన నాణెమని తెలుసుకోండి.

తారీఖుల పొత్తు కూడ చూడండి. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911 ఆగస్టు, అంటే హిజ్రీ 1329 రంజాన్ నెల. ఒక ముఖం మీద హిజ్రీ సంవత్సరం, ఇంకో ముఖం మీద ఏలుబడి సంవత్సరం ఉంటయ్. హిజ్రీ నుంచి 1329 తీసేస్తే వచ్చిన అంకె గానీ, దానికి ఒకటి ఎక్కువ గానీ ఏలుబడి సంవత్సరంగ ఉండాలె. మీ 1330కి 1 గానీ 2 గానీ ఉండాలె. పొత్తు కుదరకపోతే తారీఖు చెక్కిండ్రేమో అని భూతద్దం పెట్టి చూడాలె.

రంగు. వెండి మీద గంధకం పొర మందమయ్యే కొద్దీ రంగులు ఒక వరుసల వస్తయ్. మొదలు లేత పసుపు, తర్వాత ముదురు బంగారు రంగు, ఎరుపు కలిసిన ఊదా, ఆ తర్వాత నీలం. అసలు రంగైతే ఈ వరుస నాణెం మీద ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు మెల్లగ మారుతది, మెరుపు పట్టీ కింద నుంచి కనిపిస్తది. అక్షరాల పక్క ఇరుకుల తక్కువ రంగు ఉంటది. గంధకం పొగ పెట్టో వేడి చేసో తెచ్చిన రంగైతే పసుపు మెట్టు లేకుంట ఒక్కసారే నీలం, ఊదా వస్తది, అక్షరాలు, ఖాళీ జాగ అనే తేడా లేకుంట పరుచుకుంటది. ముందు తోమి తర్వాత రంగు పెట్టిన నాణేలల్ల నీలం కింద సన్నగీతలు కనిపిస్తయ్. ఫోటోల రంగు పెంచిండ్రా అనేది కూడ చూడండి. వెనక పెట్టిన తెల్ల కాయితం గులాబీ, నీలం వైపు తిరిగితే నాణెం రంగు కూడ ఆ ఫోటోదే, వెండిది కాదు.

అసలు నాణేలు కండ్ల నిండ చూడాలంటే పబ్లిక్ గార్డెన్స్‌ల తెలంగాణ స్టేట్ మ్యూజియం ఉన్నది, సైఫాబాద్ టంకశాల మ్యూజియం 2022ల తెరిచిండ్రు. ఇరవై అసలు నాణేలు చూసినంక ఫోటోల నకిలీ అదే చుర్రుమంటది.

---

ఖమ్మం_నాణేలు:

ఇద్దరికీ ధన్యవాదాలు. వేలం వాళ్లకు మెయిల్ పెడితే జవాబిచ్చారు. 1911 రూపాయి తూకం 11.61. 1800 పిక్సెళ్ల ఫోటోలు రెండు, అంచు ఫోటోలు నాలుగు, పది సెకండ్ల వీడియో ఒకటి పంపారు. వీడియోలో తిప్పుతుంటే బొరుసు వైపు వెలుగు పట్టీ తిరుగుతోంది, బొమ్మ వైపు మాత్రం తిరగట్లేదు. అంచు ఫోటోల్లో 12 గంటల దగ్గర నిలువు గీతలు ఏడో ఎనిమిదో మిగతా వాటికంటే లోతు తక్కువగా ఉన్నాయి. చార్మినార్ దర్వాజ ఫోటో ఇంకా రాలేదు.

ఇది నకిలీ అయ్యే అవకాశం ఉందా?

---

గోదారి_గట్టు:

నకిలీ అన్నది ముందు తేల్చేద్దామండి, అది సులువు.

1911 రూపాయి మీద రాజు అంగీకి ఏనుగు బొమ్మ ఉంటుంది. తొండం పొట్టిగా ఉండి అది పందిలా కనిపించిందని గొడవైంది. 1912 నుంచి తొండం పొడుగ్గా, ఏనుగు స్పష్టంగా తెలిసేలా మార్చారు. కాబట్టి 1911 అని తేదీ ఉండి తొండం పొడుగ్గా ఉంటే తేదీ చివరి అంకె మార్చారనే అర్థం. 1800 పిక్సెళ్ల ఫోటోలో ఇది చక్కగా తెలుస్తుంది, వెంటనే చూడండి. చివరి 1 చుట్టూ ఖాళీ జాగా నునుపు, మిగతా అంకెల చుట్టూ ఉన్న నునుపులాగే ఉందా అనీ చూడండి. అంకె చెక్కినా అతికించినా ఆ చుట్టుపక్కల మెరుపు పట్టీ ఆగిపోతుంది.

పోత పోసిన నకిలీలైతే అక్షరాల అంచులు సబ్బు బిళ్ల మీద అక్షరాల్లా గుండ్రంగా ఉంటాయి. ఖాళీ జాగాలో గాలి బుడగల వల్ల సూది గుంటలు, వాటితో పాటు చిన్నచిన్న బొడిపెలు ఉంటాయి. పక్క అంచు చుట్టూ అతుకు గీత ఉంటుంది, లేదంటే దాన్ని అరగదీసిన గుర్తు ఉంటుంది. ఇంకో గట్టి పద్ధతి చెప్తాను. మీ నాణెం మీద ఉన్న రెండు మూడు దెబ్బల చోట్లు గుర్తు పెట్టుకుని, ఇతర వేలాల పాత ఫోటోల్లో అదే రకం నాణేలు చూడండి. అదే దెబ్బ, అదే చోట, అదే ఆకారంలో ఇంకో నాణెం మీద కనిపిస్తే రెండూ ఒకే అచ్చులోంచి దిగిన నకిలీలే. అదే ఫోటో ఇంకెక్కడైనా ఉందేమో ఫోటోతో వెతికి కూడా చూడండి. నాణెం ఒకటి, ఫోటో ఇంకొకటి అయ్యే సందర్భాలున్నాయి.

11.61 తూకం అసలు నాణేనికి సరిపోయేదే. 11.66 ప్రమాణం, కొంచెం వాడిన దానికి 0.05 తగ్గడం మామూలు. ఆ మాటకొస్తే పూర్తిగా యూఎన్‌సీ అన్న నాణేనికి 0.05 తగ్గడం కాస్త ఎక్కువే. ఒక పక్క టంకం తీసేటప్పుడు అరగదీసినా, తోమినా తూకం పోతుంది. తూకం ఎక్కువగా 11.8 లాగ వస్తే మాత్రం భయపడాలి, నాణెం వాడకంలో బరువు పెరగదు. పెరిగిందంటే అతుకు మిగిలి ఉండాలి, లేదా లోహమే వేరై ఉండాలి.

మీరెప్పుడైనా స్లాబ్ నాణెం చూస్తుంటే ఇంకో మాట. ప్లాస్టిక్ మీది గీతని నాణెం గీత అనుకోకండి. ఆ గీత నాణెం దాటి పక్కన తెల్ల చట్రం మీదకి పోతే అది ప్లాస్టిక్‌దే. రెండు కోణాల్లో ఫోటోలుంటే ప్లాస్టిక్ గీత నాణెం మీద చోటు మారుతుంది, నాణెం గీత కదలదు. స్లాబ్ మీద ఉండే ఎన్‌జీసీ, పీసీజీఎస్ (నాణేలకు గ్రేడు ఇచ్చే కంపెనీలు) నంబరుని వాళ్ల సైట్‌లో కొట్టి చూడండి. నంబరు సరిపోతే చాలదు, స్లాబులకీ నకిలీలున్నాయి. సైట్‌లో ఫోటో ఉంటే దాని మీది దెబ్బలు, మచ్చలు మీ లాట్ ఫోటోతో ఒక్కొక్కటిగా కలవాలి. లేబుల్ మీద "డీటెయిల్స్" అన్న మాట ఉంటే గ్రేడు అంకె ఉండదు. తోమడమో, కొక్కెమో, ఏదో లోపం పట్టుకున్నారని అర్థం.

---

టంకశాల_వీధి:

వీడియో చాలా పని చేసింది. బొరుసు వైపు పట్టీ తిరిగి బొమ్మ వైపు తిరగకపోవడం అంటే బొమ్మ వైపే తోమారు. దండలో వేసుకుంటే ఒక ముఖం బయటకి, ఒక ముఖం ఒంటికి ఉంటుంది. బయటకి కనిపించే ముఖాన్నే తోముతారు. 12 గంటల దగ్గర గీతలు లోతు తగ్గడంతో కలిపి చూస్తే కొక్కెం తీసిన నాణెం అని నా అభిప్రాయం. ఏనుగు సరిగ్గా ఉంటే నాణెం అసలుదే, లోపం ఉన్న అసలుది.

పూర్తిగా వదిలేయమని అనను. కానీ యూఎన్‌సీ ధర పెట్టకండి. "వెరీ ఫైన్ (ఓ మాదిరిగా అరిగిన గ్రేడు), కొక్కెం తీసినది" అని మనసులో రాసుకుని దానికెంత పెడతారో అంతే మీ హద్దు. ఆ హద్దు కూడా చేతికందే మొత్తం మీద వేసుకోండి. ఉదాహరణకి సుత్తి పడిన ధర, అంటే పాట ఖాయమైన ధర 10,000, దాని పైన వేలం వాళ్లు కొనేవాళ్ల దగ్గర తీసుకునే ప్రీమియం 15 శాతం, ఆ ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ అనుకుంటే 1,500 ప్లస్ 270, మొత్తం 11,770. పోస్టు, బీమా వేరు. నాణెం మీద కూడా పన్ను వేసే వేలాలున్నాయి. శాతాలు ఒక్కో వేలానికి ఒక్కోలా ఉంటాయి కాబట్టి వాళ్ల షరతుల పేజీ చదివాకే బిడ్ వేయండి. వాపసు ఏ కారణానికి ఇస్తారో కూడా ఆ పేజీలోనే ఉంటుంది. నకిలీ అయితే తీసుకుంటాం, గ్రేడు నచ్చకపోతే తీసుకోం అనేది మామూలు షరతు.

చార్మినార్ దర్వాజ ఫోటో శనివారం లోపు రాకపోతే "సగం అయిన్" అన్న మాటకి అదనంగా ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

---

డాలస్_తెలుగు:

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నేనూ అదే వేలం చూస్తున్నాను. గెలిస్తే అమెరికాకి పంపించుకోవచ్చా?

---

గోదారి_గట్టు:

కుదరదండి. 1972 పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందకి వస్తుంది, దాన్ని దేశం దాటించడం నేరం. ఈ రెండు నాణేలూ నూరేళ్లు దాటినవే. సామానులో పెట్టుకుని పోదాం అనుకోవడం కూడా అదే నేరం. ఇక్కడ మీ వాళ్ల చిరునామాకి తెప్పించి ఇక్కడే ఉంచుకోండి. లేదా అక్కడి వేలాల్లో, ముందు నుంచీ అక్కడే ఉన్న నాణేలు కొనుక్కోండి.

ఖమ్మం గారూ, నాణెం చేతికొచ్చాక పార్శిల్ విప్పడం దగ్గర నుంచి తెగకుండా వీడియో తీయండి. అదే వీడియోలో తూకం, నాలుగు వైపులా అంచు కూడా రావాలి. తర్వాత నీళ్లలో తూచండి. 0.01 గ్రాము త్రాసు మీద గ్లాసు నీళ్లు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్న దారంతో కట్టి, గ్లాసు అడుగుకి, గోడలకి తగలకుండా ముంచండి. త్రాసు చూపే అంకె నాణెం తోసిన నీటి బరువు. 11.61 గ్రాముల నాణేనికి 1.12 దగ్గర రావాలి. భాగిస్తే 10.3 పైచిలుకు, అది 0.917 వెండి సాంద్రత. చార్మినార్ రూపాయికి వెండి తక్కువ కాబట్టి 10.2 దగ్గర వస్తుంది. నాణెం మీద గాలి బుడగ ఒక్కటి అంటుకున్నా లెక్క తప్పుతుంది. ముంచాక దారాన్ని వేలితో మెల్లగా తట్టి బుడగలు పోయాక అంకె చూడండి. ఆరబెట్టేటప్పుడు తుడవొద్దు, మెత్తటి నూలుగుడ్డ మీద పెట్టి నీళ్లు పీల్చనివ్వండి.

---

ఖమ్మం_నాణేలు:

ఏనుగు చూశాను, తొండం పొట్టిదే. దర్వాజ ఫోటో ఇప్పుడే వచ్చింది. అయిన్ కొస మసకగా కరిగినట్టే ఉంది, పైన కమాను గీతలు కూడా మసకే. దాన్ని మామూలు అయిన్ ధరకే లెక్కేస్తున్నాను. ఏలుబడి సంవత్సరం 1 అని ఉంది, పొత్తు కుదిరింది. జార్జి రూపాయికి కొక్కెం తీసిన నాణెం ధరే పెడతాను, దాటితే వదిలేస్తాను.